బాయికాడి ఇంటికి సూర్యఘర్: మీటరుంటేనే సబ్సిడీ

నల్గొండ, మహబూబ్‌నగర్ చుట్టూ చెల్కల్లో, బాయిల కాడ కొత్త ఇళ్లు లేస్తున్నాయి. కరెంటు స్తంభం అర కిలోమీటరు దూరంలో ఉంటుంది, ఎండ మాత్రం నెత్తి మీదే ఉంటుంది. "లైను ఎందుకు, సోలార్ పెట్టుకుంటే పాయె, ఎట్లాగూ సబ్సిడీ వస్తది" అనే లెక్కతోనే చాలామంది పునాది తీస్తారు. ఆ లెక్కలో సోలార్ మాట నిలబడుతుంది, సబ్సిడీ మాట నిలబడదు.

ఇక్కడ చూస్తున్నది 2024 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజనను. అదీ ఒక్క వైపు నుంచే: ఊరికి దూరంగా ఇల్లు కట్టేవాళ్లకు అది ఎంతవరకు అక్కరకొస్తుంది? మార్కులు ముందే వేసేద్దాం. ఇంటి మీటరు ఉన్నవాళ్లకైతే అయిదుకు నాలుగు. మీటరు లేకుండా పూర్తిగా బ్యాటరీ మీదే బతుకుదామనుకునేవాళ్లకు సున్నా. ఈ పథకం గ్రిడ్‌కు, అంటే కరెంటు లైనుకు కలిసిన రూఫ్‌టాప్ సోలార్ కోసమే పెట్టారు. దరఖాస్తు మొదలయ్యేదే కరెంటు సర్వీసు నంబరుతో. మన దగ్గర అది టీజీఎస్‌పీడీసీఎల్ బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు. అది లేకపోతే పోర్టల్‌లో రెండో అడుగే పడదు.

వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఇంటింటి మీదా ప్యానెళ్లు చూసొచ్చి, లైను లేకున్నా ఇట్లాగే ఇస్తారనుకునేవాళ్లు ఉన్నారు. అవి లైనుకు కలిసిన ఇళ్లు.

ముందు డబ్బు సంగతి. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ. 30,000, మూడో కిలోవాట్‌కు రూ. 18,000. 3 కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా మొత్తం రూ. 78,000 దగ్గర ఆగిపోతుంది. కొటేషన్ తీసుకునేటప్పుడు ఎక్కువమంది జారేది ఇక్కడే. సబ్సిడీ లెక్కకు ప్యానెళ్ల మొత్తం, ఇన్వర్టర్ సామర్థ్యం, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్నే తీసుకుంటారు. 3 కిలోవాట్ల ఇన్వర్టర్‌కు 540 వాట్ల ప్యానెళ్లు అయిదే బిగిస్తే 2.7 కిలోవాట్లు. అప్పుడు వచ్చేది 60,000కు 12,600 కలిపి రూ. 72,600. ఆరో ప్యానెల్ వేస్తే 3.24 కిలోవాట్లవుతుంది, ఇన్వర్టర్ 3 కాబట్టి లెక్క 3 దగ్గర నిలుస్తుంది, పూర్తి 78,000 వస్తుంది. ఆరో ప్యానెల్ ధరలో రూ. 5,400 దీంతోనే గిట్టుబాటవుతుంది, కరెంటు అదనంగా వస్తుంది. "త్రీ కిలోవాట్ సెట్" అన్న మాటతో సరిపెట్టుకోకండి. ప్యానెళ్లు ఎన్ని, ఒక్కోటి ఎన్ని వాట్లు, ఇన్వర్టర్ ఎన్ని కిలోవాట్లు అన్నది కాగితం మీద రాయించుకోండి. ఇన్వర్టర్ మీద కేవీఏ అని ఉంటే ఇంకా జాగ్రత్త. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉన్న 3 కేవీఏ యంత్రం ఇచ్చేది 2.4 కిలోవాట్లే.

ప్యానెళ్లు డీసీఆర్ రకమై ఉండాలి, అంటే లోపలి సెల్లు, పై మాడ్యూలు రెండూ దేశంలో తయారైనవే కావాలి. ఇవి మామూలు ప్యానెళ్ల కంటే ఖరీదు. వాట్‌కు రూ. 10 తేడా ఉందనుకున్నా 3.24 కిలోవాట్లకు అదనం రూ. 32,400. అంటే 78,000లో చేతికి నిజంగా మిగిలేది 45,600. సబ్సిడీ ఆశ లేని ఆఫ్‌గ్రిడ్ (లైను లేని) ఇంటికి డీసీఆర్ కొనాల్సిన పనే లేదు. మామూలు ప్యానెల్ తీసుకుని ఆ తేడా బ్యాటరీలో పెట్టడం తెలివి. లైను లేని ఇంటికి "డీసీఆర్ వేస్తే సబ్సిడీ వస్తది" అని ఎవరైనా అంటే, ఆ సబ్సిడీ ఏ సర్వీసు నంబరు మీద వస్తుందో అడగండి.

బ్యాటరీకి మాత్రం ఒక్క రూపాయి సబ్సిడీ లేదు. సోలార్, బ్యాటరీ, లైను మూడూ కలిసిన హైబ్రిడ్ సెట్ పెట్టినా లెక్కలోకి వచ్చేది సోలార్ భాగమే.

ఇక అమెరికా నుంచి ఫోన్లో వచ్చే సలహా. "ముప్పై శాతం ట్యాక్స్ క్రెడిట్ వస్తుంది నాన్నా, ఆఫ్‌గ్రిడ్ అయినా సరే" అని పిల్లలు చెబుతుంటారు. 2025 దాకా అది అబద్ధం కాదు, కాకపోతే అక్కడి చట్టం. గ్రిడ్‌కు కలపాలన్న షరతు ఆ క్రెడిట్‌కు ఉండేది కాదు. 3 కిలోవాట్-అవర్లు, ఆపైన ఉన్న బ్యాటరీకీ వర్తించేది. ఫారం 5695తో క్లెయిమ్ చేసుకునేవాళ్లు. కొత్తగా కట్టిన ఇల్లయితే అందులో కాపురం మొదలైనప్పుడే ఖర్చు పెట్టినట్టు లెక్క. కానీ ఇల్లు అమెరికాలోనే ఉండాల్సి వచ్చేది. మిర్యాలగూడ పక్కన కట్టిన ఇంటిని అక్కడి రిటర్న్‌లో చూపడం కుదరదు. పైగా 2025 జులై 4న సంతకమైన చట్టంతో ఆ క్రెడిట్ 2025 డిసెంబర్ 31 తర్వాతి ఖర్చులకు ఆగిపోయింది. అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు చూసుకోవాల్సింది కూడా ఈ తేదీనే. డబ్బు ముందే కట్టినా, కొత్త ఇంట్లో కాపురం ఆ తేదీ దాటాక మొదలైతే లాభం లేదు.

మన దగ్గర సొంతింటి సోలార్‌కు ఆదాయపు పన్నులో అలాంటి క్రెడిట్ లేదు. పన్ను కలిసొచ్చేది వ్యాపారానికే. కోళ్ల ఫారమో, రైస్ మిల్లో నడుపుతూ సోలార్ పెడితే ఏటా 40 శాతం డిప్రిసియేషన్ (తరుగుదల ఖర్చు) రాసుకోవచ్చు. ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. అంటే అక్టోబర్ మొదట్లోపు ఆన్ చేసిన సెట్‌కు, జనవరిలో ఆన్ చేసిన సెట్‌కు మొదటి ఏడు డిప్రిసియేషన్‌లో సగానికి సగం తేడా. వరి, పత్తి పండించేవాళ్లకు ఆ ఆదాయంపై పన్నే లేదు కాబట్టి డిప్రిసియేషన్‌తో పనిలేదు. ఇంటి సెట్‌ను ఫారం పేరు మీద చూపించి ఈ లాభం, ఇంటి మీటరు చూపించి ఆ సబ్సిడీ, రెండూ లాగాలని చూడకండి. బిల్లు ఒకరి పేరున, దరఖాస్తు ఇంకొకరి పేరున ఉంటే రెండూ ఇరుక్కుంటాయి.

అందరికీ దక్కిన పన్ను ఊరట జీఎస్టీలో ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామానుపై 12 శాతం పోయి 5 శాతం వచ్చింది. సామాను, బిగింపు కలిపి ఒకే కాంట్రాక్టు అయితే 70 శాతం సామాను, 30 శాతం సర్వీసు కింద లెక్కగట్టి సర్వీసుపై 18 శాతం వేస్తారు, కలిపితే 8.9 శాతం. పాత కొటేషన్‌లో 13.8 శాతం కనబడితే మార్పించుకోండి. బ్యాటరీ విడిగా కొంటే 18 శాతం.

మరి లైను నిజంగానే దూరమైతే? ఇక్కడ సబ్సిడీని పక్కన పెట్టి బ్యాటరీల లెక్క వేయాలి. అసలు ఖర్చంతా అక్కడే. ఏసీ లేని ఇల్లు, ఫ్రిజ్, కరెంటు తక్కువ లాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు, లైట్లు, టీవీ, మిక్సీ, రోజుకో గంట బోరు మోటరు: రోజుకు దాదాపు 8 యూనిట్లు అనుకుందాం. మన ఎండకు కిలోవాట్‌కు సగటున రోజుకు 4 యూనిట్లు వస్తాయి కాబట్టి 3 కిలోవాట్లు 12 ఇస్తాయి. ఎండాకాలంలో ఇది ధారాళం. జులై, ఆగస్టుల్లో ముసురు పట్టిన రోజు 3 నుంచి 4 యూనిట్లు వస్తే గొప్ప. అంటే రాత్రి వాడకానికి 4 నుంచి 5, మర్నాటి ముసురు లోటుకు ఇంకో 4 నుంచి 5, మొత్తం 9 యూనిట్లు బ్యాటరీలో వాడుకునేలా ఉండాలి.

150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో 1.8 యూనిట్లు ఉంటాయి, సగానికి మించి దించితే ఆయుష్షు పోతుంది, కాబట్టి చేతికొచ్చేది 0.9. తొమ్మిది యూనిట్లకు పది కావాలి. 48 వోల్టుల సెట్‌కు నాలుగు నాలుగుగా పెట్టాలి కాబట్టి పన్నెండు. లిథియం అయితే 51.2 వోల్టుల 100 ఏహెచ్ ప్యాక్‌లు రెండు. అదే ఇంటికి మీటరు ఉంటే ఒక్క లిథియం ప్యాక్ చాలు, ముసురు లోటును లైనే తీరుస్తుంది. ట్యూబులర్లతో అయితే పన్నెండుకు ఎనిమిది చాలు, నాలుగు తగ్గాయి, నాలుగైదేళ్లకోసారి వాటిని మార్చే ఖర్చు కూడా తగ్గింది. మీటరు వల్ల వచ్చే అసలు లాభం ఇదే, 78,000 దాని తర్వాత. స్తంభాలకు అంచనా వేయించి, ఆ మొత్తంలోంచి సబ్సిడీలో మిగిలేదీ, తగ్గే బ్యాటరీల ఖరీదూ తీసేసి చూడండి. అప్పుడూ లైనే ఖరీదైతే ఆఫ్‌గ్రిడ్‌కు వెళ్లండి, ఇగ సబ్సిడీ ఊసు ఎత్తకండి.

పొలంలో బోరుకు ఉన్న ఉచిత వ్యవసాయ సర్వీసును ఇంటికి వాడుకుందామని చూడొద్దు. దాని కేటగిరీ వేరు, సూర్యఘర్‌కు పనికిరాదు. ఇల్లు కట్టేటప్పుడు తీసుకునే తాత్కాలిక సర్వీసు కూడా పనికిరాదు. కావలసింది ఎల్‌టీ కేటగిరీ-1, అంటే గృహ వినియోగ మీటరు. ఇల్లు పూర్తయ్యాక అడుగుదామని ఆగితే నెలలు పోతాయి. గోడలు లేచి కప్పు పడగానే శాశ్వత సర్వీసుకు పెట్టుకోవడం మంచిది.

ఎవరి పేరున తీసుకోవాలన్నది ఇంకా పెద్ద విషయం. భూమి పాస్‌బుక్ నాయిన పేరున, మీటరు నాయిన పేరున, సోలార్ డబ్బు కట్టేది కొడుకు, బ్యాంకు ఖాతా కొడుకుది. ఇదే మన ఇళ్లలో మామూలు. కానీ సబ్సిడీ వచ్చేది మీటరు ఎవరి పేరున ఉందో వాళ్ల ఖాతాకు. పేరు అక్షరాలు తేడా ఉన్నా ఆగుతుంది: బిల్లు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా, బ్యాంకులో పూర్తిగా ఉంటే ముందే సరిచేయించాలి. లోన్ తీసుకునేవాళ్లకు కూడా ఇదే. 3 కిలోవాట్ల వరకు రూ. 2 లక్షల దాకా తనఖా లేకుండా ఇస్తారు. వడ్డీ రెపో రేటుకు (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీకి) అర శాతం కలిపి. దుకాణంలో చెప్పే ఈఎంఐ కంటే ఇది చాలా చవక, ముందు బ్యాంకు దారే చూడండి.

తర్వాతి మెట్లు తేలికే. పోర్టల్‌లో నమోదు, దరఖాస్తు. 10 కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక పరిశీలన కోసం ఆగనక్కర్లేదు, ఆమోదం వచ్చినట్టే లెక్క. నమోదైన వెండర్లలోంచే ఒకర్ని ఎంచుకోవాలి. పక్క ఊరి ఎలక్ట్రీషియన్ ఎంత పనిమంతుడైనా జాబితాలో లేకపోతే సబ్సిడీ పోయినట్టే. ఆ తర్వాత బిగింపు, ఫొటోలు, నెట్ మీటరు (లైనుకు పంపిన కరెంటునూ లెక్కగట్టే మీటరు), తనిఖీ, సెట్ నడుస్తోందని తేల్చే కమిషనింగ్ రిపోర్టు. అది వచ్చాక రద్దు చేసిన చెక్కుతో బ్యాంకు వివరాలు పెడితే మామూలుగా 30 రోజుల్లో డబ్బు పడాలి. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు కూడా నమోదు చేస్తారు. వెనక లేబుల్ ఫొటోలు బిగించకముందే తీయించండి. స్ట్రక్చర్ ఎక్కాక ఆ లేబుల్ కిందికి ఎవరూ దూరలేరు. ఇదివరకు సోలార్ ప్యానెళ్లకు వేరే సబ్సిడీ తీసుకున్న కుటుంబానికి ఇది రాదు.

కొనేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ గందరగోళం "హైబ్రిడ్" అన్న మాటతో. మార్కెట్‌లో రెండు రకాల యంత్రాలకు ఇదే పేరు. ఒకటి సోలార్ పీసీయూ. ఇది లైను నుంచి బ్యాటరీ ఛార్జ్ చేసుకుంటుంది, కానీ లైనుకు కరెంటు పంపలేదు. దీనికి నెట్ మీటరు ఇవ్వరు, సబ్సిడీ రాదు. రెండోది నిజమైన హైబ్రిడ్: లైనుకు పంపుతుంది, లైను పోతే దాన్నుంచి విడిపోయి బ్యాకప్ అవుట్‌పుట్ మీద ఇంటిని నడుపుతుంది. డేటాషీట్‌లో ఐఎస్ 16169 లేదా ఐఈసీ 62116 ఉందా చూడండి. లైను పోయినప్పుడు యంత్రం దానిలోకి కరెంటు తోయకుండా ఆగుతుందని తేల్చే పరీక్ష అది, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది. బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ అయితే లైను పోగానే ఎండ మండిపోతున్నా ఆగిపోతుంది. ఏప్రిల్, మే గాలిదుమారాలకు పొలాల లైను పోయేది ఎక్కువ కాబట్టి, బాయికాడి ఇంటికి ఆన్‌గ్రిడ్ ఒక్కటే పెట్టుకుంటే బిల్లు తగ్గుతుంది, చీకటి తగ్గదు.

బ్యాకప్ అవుట్‌పుట్ మీద బోరు మోటరు పెట్టొద్దు. 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ నడిచేటప్పుడు కిలోవాట్ చుట్టూ లాగినా, లేచేటప్పుడు దానికి నాలుగైదింతలు లాగుతుంది, 3 కిలోవాట్ల ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది. దాన్ని లైను వైపే ఉంచి పగలు నడుపుకోవాలి, లేదంటే మోటరును మెల్లగా లేపే వీఎఫ్‌డీ పెట్టాలి.

గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు తీసుకుంటున్న ఇంటికి సూర్యఘర్ పెద్దగా మిగిల్చేదేమీ లేదు. లేని బిల్లును సోలార్ ఇంకేం తగ్గిస్తుంది? ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

లైను అసలు రాని చోట్లకు వేరే దారులున్నాయి, అవి అందరికీ కావు. నల్లమలలో చెంచుల వంటి ఆదిమ గిరిజన తెగల ఆవాసాలకు పీఎం జన్‌మన్ కింద ఆఫ్‌గ్రిడ్ సెట్‌కు ఇంటికి రూ. 50,000 దాకా కేంద్రం భరించేలా పెట్టారు. బుగ్గలు, ఫ్యాన్ నడిచే చిన్న సెట్ అది. పోడు పట్టా ఉన్న గిరిజన రైతుల బోర్లకు 2025 మే 19న అమ్రాబాద్ మండలం మాచారంలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం ఉంది, సోలార్ పంపు పూర్తి ఉచితం. హైదరాబాద్ నుంచి వచ్చి శ్రీశైలం రోడ్డు పక్కన ఫామ్‌హౌస్ కట్టుకునేవాళ్లకు ఈ రెండూ వర్తించవు.

బిగింపులో మన నేలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఎర్తింగ్. మూడు వేర్వేరు ఎర్తులు కావాలి: పిడుగు కడ్డీకి ఒకటి, డీసీ (ప్యానెళ్ల) వైపు ఒకటి, ఏసీ (ఇంటి కరెంటు) వైపు ఒకటి. 3 మీటర్ల రాడ్ ఇక్కడ మూడడుగుల మొరం దాటగానే బండకు తగిలి ఆగుతుంది. ఆగిన దగ్గర రాడ్‌ను కోసేసి పైన మూత పెట్టడం పనివాళ్ల అలవాటు. డ్రిల్‌తో రంధ్రం వేయించి, రాడ్ చుట్టూ తడి పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి నింపించి, ఎర్త్ టెస్టర్‌తో 5 ఓమ్‌ల లోపు చూపించమనండి. వర్షం పడ్డ మర్నాడు కాదు, ఎండిన నేల మీద. ఇంటి పునాది తీసేటప్పుడే ఈ గుంతలూ తవ్వించేస్తే సగం ఖర్చుతో పోతుంది.

స్లాబ్ పోసేటప్పుడే మిద్దె నుంచి ఇన్వర్టర్ గోడ దాకా రెండు పీవీసీ పైపులు వదలాలి, ఒకటి డీసీ తీగలకు, ఒకటి ఎర్త్‌కు. తర్వాత స్లాబ్‌కు రంధ్రం కొడితే వానాకాలం అక్కడే ఉరుస్తుంది. నీళ్ల ట్యాంకు ఉత్తరం వైపు కట్టండి. మన అక్షాంశం 17 డిగ్రీల చుట్టూ, డిసెంబర్ మధ్యాహ్నం 2 మీటర్ల ట్యాంకు నీడ 1.7 మీటర్లు ఉత్తరానికి పడుతుంది, ఉదయం ఇంకా పొడుగు. దక్షిణాన ట్యాంకు ఉంటే చలికాలమంతా ఒక ప్యానెల్ నీడలోనే, దాంతో వరుసలో మిగతావీ తగ్గుతాయి. ప్యానెళ్లు దక్షిణానికి 15 నుంచి 17 డిగ్రీల వాలు. 3 కిలోవాట్లకు దాదాపు 300 చదరపు అడుగులు.

మే నెలలో ఎండ ఎక్కువ కాబట్టి కరెంటూ అదే లెక్కన పెరుగుతుందనుకోవద్దు. బయట 44 డిగ్రీలున్నప్పుడు ప్యానెల్ 70 దాకా వేడెక్కుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున పోతే 540 వాట్ల ప్యానెల్ 455 దగ్గర ఉంటుంది. ప్యానెల్ కింద గాలి ఆడేలా కనీసం అడుగు ఎత్తు ఉంచండి. బ్యాటరీని రేకుల షెడ్డులో పెట్టొద్దు: ట్యూబులర్‌కు 25 దాటి ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుంది, లిథియం ప్యాక్‌లు చాలావరకు 45 దాటితే ఛార్జింగ్ తగ్గిస్తాయి లేదా ఆపేస్తాయి. ఉత్తరం గది మంచిది.

కోతుల బెడద ఉన్న ఊళ్లలో తీగలన్నీ పైపులోనే పోవాలి. ప్యానెల్ కింద వేలాడే, తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు పట్టుకుని లాగడం వాటికి ఆట. ఒక కంపెనీ కనెక్టర్‌కు ఇంకో కంపెనీది కలిపినా కుదిరినట్టే కుదురుతుంది, తర్వాత వేడెక్కి కరగొచ్చు. జతలు ఒకే కంపెనీవి అడగండి.

కడగడానికి బోరు నీళ్లు వాడితే నల్గొండ నీళ్ల ఉప్పు అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది, తర్వాత గీకినా పోదు. వాన నీళ్లో, మంచినీళ్లో ఒక బకెట్, పొడుగు వైపర్, పొద్దు ఎక్కకముందు. అద్దం కాలుతున్నప్పుడు చల్లటి నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్లు అస్సలొద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. పథకం ప్రకారం అయిదేళ్ల నిర్వహణ వెండర్‌దే. అందులో కడగడం ఉందా, ఫోన్ చేసిన ఎన్ని రోజులకు మనిషి వస్తాడు, కోతి తెంపిన తీగ ఎవరి ఖాతా అన్నవి ఒప్పందంలో రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.